31 ఏళ్ళు, ఎల్కేజీ పాప, జర్మనీలో పీహెచ్‌డీ: వెళ్ళొచ్చా?

మూసాపేట్_కెమిస్ట్రీ

నమస్తే అండి. చాలా రోజులుగా ఇక్కడ అందరివీ చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

నాకు 31. ఓయూ అఫిలియేటెడ్ కాలేజీలో ఎమ్మెస్సీ ఆర్గానిక్ కెమిస్ట్రీ, 2016 బ్యాచ్. అప్పటి నుంచి జీడిమెట్లలో ఒక ఫార్మా కంపెనీ ప్రాసెస్ ఆర్ అండ్ డీలో పని చేస్తున్నాను. చేతికి 46 వేలు. నెట్ రెండుసార్లు రాశాను. లెక్చరర్‌షిప్ వచ్చింది గానీ జేఆర్ఎఫ్ (రీసెర్చ్ ఫెలోషిప్) రాలేదు. ఆ తర్వాత పెళ్ళి, పాప. పాపకు ఇప్పుడు నాలుగేళ్ళు. మా ఆయన కోఆపరేటివ్ బ్యాంకులో చేస్తారు, అత్తగారింట్లోనే ఉంటాం.

తొమ్మిదేళ్ళుగా జరిగేది ఒకటే. రియాక్షన్ నేను పెడతాను. ఈల్డ్ ఎందుకు పడిపోతోందో రాత్రి తొమ్మిదింటి దాకా నేనే కూర్చుని చూస్తాను. కస్టమర్ కాల్ వచ్చేసరికి మాత్రం పేరు ముందు డాక్టర్ ఉన్నాయన వచ్చి కూర్చుంటారు. పోయినేడు నా రూట్ (మందు తయారు చేసే పద్ధతి) గురించి ఆయన చెప్తుంటే నేను పక్కన స్లైడ్లు మార్చాను. ఆ రోజు ఇంటికొచ్చాక మెయిల్స్ పెట్టడం మొదలుపెట్టాను.

మొత్తం 64 మెయిల్స్. ఐదు జవాబులు వచ్చాయి, నాలుగు మర్యాదగా వద్దన్నవే. ఐదో ప్రొఫెసర్ జూమ్‌లో మాట్లాడదామన్నారు. ఇంట్లో సీరియల్ టైమ్, అందుకని మిద్దె మీద వాటర్ ట్యాంక్ పక్కన లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాను. నా ప్రెజెంటేషన్ కన్నా, ఫెయిలైన ఒక హైడ్రోజనేషన్ గురించే ఆయన అరగంట అడిగారు. మధ్యలో కింద గ్యాస్ బండి వచ్చి హారన్ కొట్టింది, ఆయన నవ్వారు. చివర్లో, 65 శాతం ఈ13 (అక్కడి పే స్కేల్ అట) పోస్టు, మూడేళ్ళు, అక్టోబర్ నుంచి, నెలాఖరులోగా ఆలోచించి చెప్పమన్నారు. నా ఎమ్మెస్సీలో థీసిస్ లేదు కాబట్టి సర్టిఫికెట్లు ఫ్యాకల్టీ కమిటీ చూడాలి అని కూడా అన్నారు.

సీటు వచ్చినట్టా రానట్టా నాకే అర్థం కావట్లేదు. అమీర్‌పేటలో ఒక కన్సల్టెన్సీకి వెళ్ళి అడిగాను. ఈ యూనివర్సిటీకి ర్యాంకు లేదు, మేము వేరే దాంట్లో సీటు ఇప్పిస్తాం, లక్షా నలభై వేలు కట్టండి, వీసా కోసం ముందే డబ్బు వేసి చూపించాల్సిన బ్లాక్డ్ అకౌంట్‌కి పన్నెండు లక్షలు చూసుకోండి అన్నారు. పన్నెండు లక్షలు అనగానే మా ఆయన కుర్చీలోంచి లేచారు.

65 శాతం జీతంతో బతకొచ్చా? 31 మరీ లేటా? సీటు ఖాయమైనట్టేనా? అత్తగారికి ఇంకా చెప్పలేదు.

---

కన్సల్టెన్సీ_బాధితుడు

అక్కా, రూపాయి కూడా ఇవ్వొద్దు. జర్మనీలో ప్రొఫెసర్ ఒప్పుకున్నాక మధ్యలో కన్సల్టెన్సీ చేసేది ఏమీ ఉండదు. ఆ పన్నెండు లక్షల సంగతి కూడా, సొంత డబ్బుతో చదువుకునే వాళ్ళను 2025లో ఏడాదికి 11,904 యూరోలు చూపించమనేవాళ్ళు, అది మాస్టర్స్ పిల్లల లెక్క. మీకు జీతం కాంట్రాక్టు ఉంటే అదే మీ ఆధారం. నేను ఎమ్మెస్ అప్పుడు వాళ్ళకు కట్టి మోసపోయినవాణ్ణి, అందుకే పేరు కూడా ఇలా పెట్టుకున్నా.

---

హబ్సిగూడ_ఆవిడ

మూసాపేట్ గారూ, మీ పోస్టులో సీటు అనే మాట మూడు చోట్ల ఉంది. ఆ మాట తీసేయండి, సగం టెన్షన్ పోతుంది. అక్కడ మీకు వస్తున్నది ఉద్యోగం. యూనివర్సిటీ మిమ్మల్ని జీతానికి పెట్టుకుంటుంది, ఆ పని చేస్తూ మీరు థీసిస్ రాసుకుంటారు. ట్యూషన్ ఫీజు ఉండదు. బాడెన్-వ్యుర్టెంబర్గ్ రాష్ట్రంలో మన లాంటి వాళ్ళకు సెమిస్టర్‌కు 1,500 యూరోల ఫీజు ఉంది గానీ డాక్టరేట్ చేసేవాళ్ళకు అక్కడ కూడా అది వర్తించదు.

నేను గోటింగెన్‌లో కెమిస్ట్రీ చేశాను, నాలుగేళ్ళ రెండు నెలలు పట్టింది. ఇప్పుడు జీనోమ్ వ్యాలీలో పని. నాకు తెలిసింది చెప్తాను.

ముందు జీతం. ఈ13 అనేది ప్రభుత్వ పే స్కేల్, మన గ్రూప్స్ వాళ్ళ పే స్కేల్ లాగే, బేరం ఉండదు. ఫుల్ పోస్టుకు నాలుగున్నర వేల యూరోలు దాటుతుంది, మీ 65 శాతానికి మూడు వేలు అనుకోండి. ట్యాక్సు, హెల్త్ ఇన్సూరెన్స్, పెన్షన్, నిరుద్యోగ బీమా అన్నీ పోయి చేతికి రెండు వేలకు అటూ ఇటూ. ఒక్కరైతే హాయిగా ఉంటుంది. చిన్న ఊరైతే కొంచెం మిగులుతుంది, మ్యూనిక్ అయితే అద్దెకే సగం. కుటుంబం వస్తే ట్యాక్స్ క్లాస్ మారి కాస్త పెరుగుతుంది, అయినా బిగించుకునే బతకాలి.

65 శాతం అంటే కాగితం మీద వారానికి 26 గంటలు. మా ల్యాబ్‌లో అందరూ ఎనిమిదిన్నరకు వచ్చి సాయంత్రం ఏడుకి వెళ్ళేవాళ్ళు. మిగతా 35 శాతం ఏంటి అని మొదటి నెలలో అడిగితే మా సీనియర్ "అది నీ థీసిస్ మీద నీకున్న ప్రేమ" అన్నాడు. సెలవులు మాత్రం ఏడాదికి 30, అవి తీసుకోకపోతే వాళ్ళే ఏమైంది అని అడుగుతారు. మన కంపెనీల్లో వినని మాట కదా.

ఇక థీసిస్ సంగతి, మీ కేసులో ఇదే ముఖ్యం. ఉద్యోగం కాంట్రాక్టు వేరు, డాక్టరేట్‌కు అనుమతి వేరు. కాంట్రాక్టు యూనివర్సిటీ హెచ్ఆర్ సెక్షన్ ఇస్తుంది. డాక్టరేట్‌కు తీసుకునేది ఫ్యాకల్టీలో కమిటీ. ప్రొఫెసర్ ఎంత మంచివారైనా కమిటీని దాటి పోలేరు. మన మూడేళ్ళ బీఎస్సీ, రెండేళ్ళ ఎమ్మెస్సీ మామూలుగా సరిపోతుంది గానీ, థీసిస్ లేకపోతే కొన్ని చోట్ల షరతు పెడతారు, రెండు కోర్సులు చదివి పరీక్ష రాయమనో, చిన్న రీసెర్చ్ ప్రాజెక్టు చెయ్యమనో. అది తప్పు కాదు, చేసుకోవచ్చు. కానీ అక్కడికి వెళ్ళాక ఏడాదికి తెలియడం వేరు, ఇప్పుడే తెలియడం వేరు. కాబట్టి సంతకానికి ముందే ఫైల్ కమిటీకి పంపమని ప్రొఫెసర్‌ని అడగండి. తొమ్మిదేళ్ళ ఆర్ అండ్ డీలో మీరు చేసిన పని ఏంటో, మామూలు ఎక్స్‌పీరియన్స్ లెటర్ కాకుండా, వివరంగా రాసిన ఉత్తరం కంపెనీ నుంచి తెచ్చుకోండి. ఓడీ (ఒరిజినల్ డిగ్రీ), కన్సాలిడేటెడ్ మెమో, ట్రాన్స్‌క్రిప్టులు ఇప్పుడే పెట్టేయండి, అవి ఎప్పుడొస్తాయో దేవుడికే తెలుసు.

మార్కుల గురించి ఒకటి. అక్కడ 1 అంటే ఫస్టు, 4 అంటే అత్తెసరు పాసు. మన మార్కుల్ని బవేరియన్ ఫార్ములా అనే దానితో మారుస్తారు. పాస్ మార్కు 40 అని వేసుకుంటే నా 74 శాతం 2.3 అయింది. మా నాన్న ఆ కాగితం చూసి, పదికి రెండున్నర కూడా రాలేదా అని రెండ్రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

భాష. థీసిస్ ఇంగ్లీషులో రాయొచ్చు, వైవా కూడా ఇంగ్లీషే. కానీ కెమిస్ట్రీలో బ్యాచిలర్స్ పిల్లల ప్రాక్టికల్స్ చూసే డ్యూటీ పడుతుంది, అది జర్మన్‌లో ఉంటుంది. నాకు మొదట వచ్చిన మాట అబ్‌త్సూగ్, అంటే మన ఫ్యూమ్ హుడ్, ల్యాబ్‌లో పొగలు బయటికి లాగే అర. నాలుగో నంబరు అబ్‌త్సూగ్ నీది అని చూపించారు. నెలాఖరుకు పే స్లిప్ వచ్చింది, దాంట్లో కూడా అదే మాట, బహువచనంలో, పక్కన వెయ్యి యూరోల దాకా అంకె. ఫ్యూమ్ హుడ్‌కు కూడా అద్దె పట్టుకుంటారా అని గాభరాగా పక్క బెంచీ వాణ్ణి అడిగా. కోత అనే మాటకు కూడా అదే పదమట. నేను వచ్చేసే రోజు దాకా ఆ జోకు నన్ను వదల్లేదు. బంజారాహిల్స్ గోథే సెంట్రమ్‌లో అక్టోబర్ లోపు జర్మన్ మొదటి రెండు లెవెల్స్, ఏ1, ఏ2 లాగించేయండి.

ర్యాంకు గురించి మర్చిపోండి. అక్కడ గైడ్‌ను డోక్టర్‌ఫాటర్ అంటారు, డాక్టరేట్ తండ్రి అని. ఆడవాళ్ళయితే డోక్టర్‌ముటర్. మీరు నాలుగేళ్ళు ఉండబోయేది యూనివర్సిటీలో కాదు, ఆయన ఇంట్లో అనుకోండి. ఫెయిలైన రియాక్షన్ గురించి అరగంట అడిగిన మనిషి నాకైతే నచ్చారు.

---

సగం_డాక్టర్

పై ఆవిడ అన్నీ బాగానే చెప్పారు, కానీ ఆవిడకు బాగా జరిగింది. నాది కూడా వినండి.

నేను మెటీరియల్స్‌లో రెండేళ్ళు చేసి వదిలేసి వచ్చాను. ఊరి పేరు, యూనివర్సిటీ పేరు చెప్పను. ఏడాదిన్నరకు మా ప్రొఫెసర్‌కు వేరే యూనివర్సిటీ నుంచి పిలుపొచ్చింది. అక్కడ ప్రమోషన్ అంటే అదే, ఇంకో ఊరు వెళ్ళడం. ల్యాబ్ మొత్తం లారీల్లో ఎక్కించారు. నువ్వూ రా అన్నారు. మా ఆవిడకు ఏడో నెల. 400 కిలోమీటర్లు ఇల్లు మారడం, డాక్టరు మారడం మా వల్ల కాలేదు. ఉంటానంటే నన్ను చూసేవాళ్ళు లేరు. అందరూ మర్యాదగానే ఉన్నారు, ఎవరూ అరవలేదు. అయినా నేను ఉప్పల్‌లో మా ఇంట్లో ఉన్నాను, నా శాంపిల్స్ ఆ ఊళ్ళో ఏదో డబ్బాలో ఉన్నాయి.

డోక్టర్‌ఫాటర్ అనే మాట ముద్దుగా ఉంటుంది. కానీ ఒకటి ఆలోచించండి. మీ బాస్ ఆయనే, మీ గైడ్ ఆయనే, చివర్లో థీసిస్‌కు గ్రేడు వేసే ఇద్దరిలో ఒకరు కూడా చాలాచోట్ల ఆయనే. ఆ తండ్రితో చెడితే ఎవరి దగ్గరికి వెళ్తారు? అందుకే గ్రాడ్యుయేట్ స్కూల్ ప్రోగ్రాంలో చేరమని చెప్తాను. మాక్స్ ప్లాంక్ రీసెర్చ్ సంస్థల వాళ్ళవి, డీఎఫ్‌జీ (అక్కడి రీసెర్చ్ నిధుల సంస్థ) డబ్బిచ్చేవి ఉంటాయి. వాటిల్లో ఒక్కరి కింద కాకుండా ఇద్దరు ముగ్గురితో కమిటీ ఉంటుంది. మాక్స్ ప్లాంక్‌లో చేసినా డిగ్రీ ఇచ్చేది యూనివర్సిటీయే, అది తెలుసుకోండి.

వెళ్ళే ముందు ఆయన పాత స్టూడెంట్లు ఇద్దరికి మెయిల్ పెట్టండి. ఎన్నేళ్ళు పట్టింది, మధ్యలో ఎవరైనా వెళ్ళిపోయారా, డ్రాఫ్ట్ ఇస్తే ఎన్నాళ్ళకు చదివి ఇస్తారు, ఇవి అడగండి. ఇంకొకటి, మూడేళ్ళ తర్వాత డబ్బు ఎక్కడిదో ముఖం మీద అడగండి. ప్రాజెక్టు డబ్బు మూడేళ్ళకు వస్తుంది, కెమిస్ట్రీ నాలుగేళ్ళు పడుతుంది. ఆ ఏడాది ఎవరు పెడతారు?

---

హబ్సిగూడ_ఆవిడ

సగం డాక్టర్ గారు చెప్పింది నిజం. మా గ్రూపులో కూడా ఒకతను చివరి ఏడు నెలలు నిరుద్యోగ భృతి మీద థీసిస్ రాశాడు. జీతం కాంట్రాక్టు మీద ఏడాది పైన చేసినవాళ్ళకు అది వస్తుంది, స్కాలర్‌షిప్ మీద ఉన్నవాళ్ళకు రాదు. అందుకే స్కాలర్‌షిప్, పోస్టు రెండూ చేతిలో ఉంటే నేను పోస్టే తీసుకోమంటా. పని చేసేవాడే అయినా ఉద్యోగ కేంద్రానికి వెళ్ళి కూర్చోవాలంటే ఎంత నామోషీగా ఉంటుందో అతని ముఖంలో చూశాను.

---

ఊరికే_వచ్చా

31 లేటా అని అడిగారు. మన హైదరాబాద్‌లో 1897లో పుట్టిన జాకిర్ హుస్సేన్ గారు బెర్లిన్‌లో డాక్టరేట్ తీసుకున్నది 1926లో, 29వ ఏట. వాట్సాప్ లేదు, జూమ్ లేదు, ఓడలో వెళ్ళాలి. ఆ తర్వాత రాష్ట్రపతి అయ్యారు. మీకు ఆ కంగారు లేదు కాబట్టి రెండేళ్ళు లేటైనా పర్లేదు.

---

మూసాపేట్_కెమిస్ట్రీ

అందరికీ చాలా థ్యాంక్స్ అండి. సగం డాక్టర్ గారూ, మీది చదివాక నిద్ర పట్టలేదు, అయినా రాసినందుకు థ్యాంక్స్. ప్రొఫెసర్‌కు మెయిల్ పెట్టాను. పాత స్టూడెంట్ల పేర్లు అడగాలంటే చెయ్యి రాలేదు, సంబంధం చూడడానికి వచ్చి పెళ్ళికొడుకు జీతం స్లిప్ అడిగినట్టు అనిపించింది. అయినా అడిగాను.

ఇప్పుడు పాప గురించి. మొదటి ఏడాది నేను ఒక్కదాన్నే వెళ్ళి, తర్వాత వాళ్ళను తీసుకెళ్ళడమా, అందరం ఒకేసారి వెళ్ళడమా? మా ఆయనకు జర్మన్ పరీక్ష రాయాలంటే భయం. కుటుంబంతో వెళ్ళినవాళ్ళు ఎవరైనా చెప్పండి.

---

ఇంటాయన

చెల్లెమ్మా, నేను మా ఆవిడ వెనకాల వెళ్ళినవాణ్ణి. ఇక్కడ అందరూ పీహెచ్‌డీ వాళ్ళే రాస్తారు, వంట చేసినవాడు ఒకడు రాయాలి కదా.

మీ ఆయనతో చెప్పండి, మీరు రీసెర్చర్ వీసా మీద వెళ్తే భర్తకు ముందే ఏ1 పాసవ్వాలనే నియమం ఉండదు. స్టూడెంట్ వీసా అయితే వేరే లెక్క, దానికి ఏపీఎస్ సర్టిఫికెట్ (మన డిగ్రీలు అసలువేనని చూసి ఇచ్చేది), దాని ఫీజు కూడా ఉంటాయి. ఏ వీసా అనేది కాంట్రాక్టును బట్టి ఉంటుంది, యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసును మెయిల్‌లో అడగండి, రాతపూర్వకంగా చెప్తారు. అక్కడికి వెళ్ళాక ఆయన ఏ ఉద్యోగమైనా చేసుకోవచ్చు. కానీ నిజం చెప్తున్నా, భాష రాకుండా నా అనుభవం ఎందుకూ పనికి రాలేదు. నేనిక్కడ అకౌంట్స్‌లో సీనియర్‌ని. అక్కడ మొదటి ఏడాది సూపర్ మార్కెట్లో తెల్లవారుజామున అట్టపెట్టెలు విప్పాను. మా నాన్నకు లాజిస్టిక్స్ అని చెప్పాను. బీ1 అయ్యాక కాస్త గాడిలో పడింది.

ఇన్సూరెన్స్ బాగుంటుంది. మీ జీతంలోంచి కట్టేదే, సంపాదన లేని భర్తకూ పాపకూ అదనంగా ఏమీ లేకుండా వర్తిస్తుంది. పిల్లల భృతి కూడా నెలనెలా వస్తుంది, 2025లో పిల్లకు 255 యూరోలు. కిండర్‌గార్టెన్ ఫీజు రాష్ట్రాన్ని బట్టి. మేమున్న లోయర్ శాక్సనీలో మూడేళ్ళు దాటితే ఫీజు లేదు, భోజనం డబ్బులే. చిక్కు ఎక్కడంటే సీటు. చెల్లెమ్మా, మీకు సీటు టెన్షన్ కావాలంటే అది ఇక్కడ ఉంది, వెయిటింగ్ లిస్టు చాంతాడంత. ఊరు ఖాయమైన రోజే పేరు రాయించండి, పాప ఇంకా మూసాపేట్‌లో ఉన్నా సరే.

మా వాడు వెళ్ళేసరికి వాడికీ నాలుగే. మొదటి మూడు వారాలు గేటు పట్టుకుని ఏడ్చాడు, వాడితో పాటు నేనూ. నాలుగో నెలకు నేను కూరగాయల కొట్లో మాట్లాడుతుంటే నా జర్మన్ సరిదిద్దాడు. అక్కడ వానైనా మంచైనా పిల్లల్ని బయట బురదలో వదిలేస్తారు. దానికి రబ్బరు ప్యాంటు ఒకటి ఉంటుంది, మెడదాకా వస్తుంది. ఒక రోజు వీడియో కాల్‌లో మా అమ్మ చూసింది, మనవడు వానలో బురద ముద్దలు చేస్తున్నాడు. పిల్లాణ్ణి కూలికి పెట్టావా రా అంది.

ఒక్కరే ముందు వెళ్ళమనే నేను అంటాను, కానీ ఏడాది కాదు, నాలుగైదు నెలలు. ఇల్లు, అడ్రస్ రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్, కిండర్‌గార్టెన్ సీటు కుదిరాక పిలిపించుకోండి. ఏడాది దాటితే పాప మిమ్మల్ని ఫోనులో మనిషి అనుకుంటుంది.

---

మూసాపేట్_కెమిస్ట్రీ

అప్‌డేట్ ఇస్తున్నాను.

ప్రొఫెసర్ మరుసటి రోజే జవాబిచ్చారు, ఏమీ అనుకోలేదు. నలుగురి పేర్లు ఇచ్చారు, అందులో ఒకరు మధ్యలో మానేసిన అమ్మాయి, ఆ మాట కూడా ఆయనే రాశారు. ఇద్దరు జవాబిచ్చారు. మానేసిన అమ్మాయి, తనకు కంపెనీ ఉద్యోగం వచ్చి వెళ్ళిందట, ఆయనతో గొడవేమీ లేదంది. ఇంకొకరు, మనిషి పట్టుదల ఎక్కువ, సోమవారం మీటింగ్ అంటే భయం, కానీ డ్రాఫ్ట్ ఇస్తే వారంలో ఎర్ర ఇంకుతో తిరిగొస్తుంది అన్నారు. నాలుగో ఏడాది గురించి మాత్రం ఆయన ఖాయంగా ఏమీ చెప్పలేదు. కొత్త ప్రాజెక్టుకు రాస్తున్నానని, రాకపోతే ఆరు నెలలు వేరే డబ్బులోంచి చూస్తానని అన్నారు. అది మెయిల్‌లో ఉంది, ప్రింట్ తీసి పెట్టుకున్నాను.

కమిటీకి ఫైల్ వెళ్ళింది. షరతు పెడితే కోర్సులు చదువుతాను, ఏముంది.

అత్తగారికి చెప్పాల్సిన పని లేకపోయింది. నేను రోజూ లాప్‌టాప్ పట్టుకుని మిద్దె మీదికి ఎందుకు వెళ్తున్నానో కనుక్కోమని ఆవిడే మా ఆయన్ని పంపించారట. ఆయన మొత్తం చెప్పేశారు. రెండు రోజులు ఏమీ మాట్లాడలేదు. నిన్న పప్పు తాలింపు పెడుతూ, అటు తిరిగే, "పిల్లని అక్టోబర్‌లోనే తీసుకుపోతారా, సంక్రాంతి అయ్యాకా" అన్నారు. సంక్రాంతి అయ్యాకే అని చెప్పాను.

హబ్సిగూడ గారూ, ఒక్క సాయం. కంపెనీ నుంచి వివరంగా ఉత్తరం అన్నారు కదా. హెచ్ఆర్‌లో ఫామ్ ఇచ్చారు, కారణం అనే గడి ఉంది. ఏం రాయను?

---

హబ్సిగూడ_ఆవిడ

పీహెచ్‌డీ అప్లికేషన్ కోసం అని రాయండి. ఏ దేశంలో అని గడి లేదు కదా?